నిక్షేపం, భక్తి, లెక్క: బసవపురాణంలోనూ రామదాసు కీర్తనలోనూ అధికారి ధర్మసంకటం

ఒకరి సొమ్ము మరొకరి చేతిలో ఉంది. ఆ చేతికి ఒక సత్కార్యం ఎదురైంది. యజమానిని అడిగితే అనుమతి దొరకకపోవచ్చు. అడగకపోతే పని పూర్తవుతుంది. సహకార సంఘం కార్యదర్శి మొదలు దేవాలయ ధర్మకర్త దాకా, బ్యాంకు అధికారి మొదలు పెద్ద కంపెనీ ఛైర్మన్ దాకా వృత్తి వ్యాపార జీవితంలో ఎదురయ్యే ధర్మసంకటాలలో ఇది ప్రధానమైనది. వృత్తినీతిని బోధించే పాఠ్యగ్రంథాలు ఇటువంటి సంకటాన్ని కాంట్ కర్తవ్యవాదంతోనూ, మిల్ ఉపయోగితావాదంతోనూ, అరిస్టాటిల్ శీలవాదంతోనూ పరీక్షించి చూపుతాయి. తెలుగు సాహిత్యంలో ఈ సంకటానికి రెండు ప్రసిద్ధ రూపాలున్నాయి. ఒకటి పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో బిజ్జలుని భండారానికి అధికారిగా ఉన్న బసవన్న కథ. రెండవది గోల్కొండ తానీషా పాలనలో తహసీల్దారుగా ఉండి భద్రాచలంలో రామాలయం కట్టించిన కంచెర్ల గోపన్న కథ.

రెండింటినీ సాహిత్య చరిత్రకారులు భక్తి సాహిత్యంగానే చదివారు. అలా చదవడంలో దోషం లేదు. అయితే భక్తి ప్రసక్తి రాగానే లెక్క ప్రశ్న పక్కకు పోతుంది. భక్తుడు పరమార్థం కోసం ఖర్చు చేశాడు, రాజు లౌకికుడు గనుక అనుమానించాడు, భగవంతుడు భక్తుణ్ణి రక్షించాడు అన్న మూడు వాక్యాలలో కథ ముగిసిపోతుంది. ఇలా ముగించినందువల్లనే సత్కార్యం కోసం పరధనం వాడడాన్ని ఈ కథలు సమర్థిస్తున్నాయన్న భావం ఏర్పడింది. కథలను దగ్గరగా చదివితే కనిపించేది దీనికి విరుద్ధం. రెండింటిలోనూ మహిమ చేసే పని ఖజానా లెక్కను సరిచేయడం. బాకీ లేదని గాని, భక్తి కారణంగా అది రద్దయిందని గాని ఏ కథా చెప్పదు. రాజుగారి సొమ్ముకు రాజుగారి హక్కు ఉందని దేవుడు సైతం ఒప్పుకున్న తరువాతనే భక్తునికి విముక్తి దొరుకుతుంది. ఈ అంశాన్ని ఆధారం చేసుకొని ఆ రెండు రచనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కల్యాణ నగరం, ఉపనిధి న్యాయం

నీతి సిద్ధాంతాలంటే పడమటి దేశాలవే అన్న అభిప్రాయం ఈ విషయంలో నిలవదు. బసవన్న ఉద్యోగం చేసిన కల్యాణ నగరంలోనే, ఆయనకు కొన్ని దశాబ్దాల ముందు, చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమన్న పేరుతో తెలుగు చేశాడు. అంటే పరధనాన్ని గురించిన న్యాయచర్చ తెలుగు పద్యంలోకి రావడమూ, బసవన్న భండారపు కథ తెలుగు ద్విపదలోకి రావడమూ కాలంలో ఒకదానికొకటి దూరమైనవి కావు. ఈ సామీప్యాన్ని సాహిత్య చరిత్ర తగినంతగా పట్టించుకోలేదు. కేతనను శాస్త్రకవుల గదిలో, సోమనాథుణ్ణి శివకవుల గదిలో కూర్చోబెట్టి మధ్య తలుపు మూసేశారు.

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో ఉపనిధి ప్రకరణం ఉంది. పెట్టెలోపల ఏముందో చెప్పకుండా ముద్రవేసి మరొకరి చేతికి ఇచ్చినది ఉపనిధి. దానిని ఎలా ఇచ్చారో అలాగే తిరిగి ఇవ్వాలి. రాజు పట్టుకుపోయినా, దైవికంగా నశించినా, దొంగలు ఎత్తుకుపోయినా పుచ్చుకున్నవాడు ఇచ్చుకోనక్కరలేదు. కానీ తన ఇచ్ఛ ప్రకారం దానిమీద బతికినవాణ్ణి దండించాలి, వృద్ధితో సహా ఇప్పించాలి. ఎరువు తెచ్చుకున్న వస్తువుకూ, న్యాసానికీ, లెక్కపెట్టి అప్పగించిన నిక్షేపానికీ ఇదే విధి వర్తిస్తుందని స్మృతి చెబుతుంది. రాజభండారం సాంకేతికంగా ఉపనిధి కాదు, భండారి జీతగాడు. అయినా లెక్కించి అప్పగించిన ధనం, అప్పగించినవాని నమ్మకం, అడిగినప్పుడు చూపవలసిన బాధ్యత అనే మూడు లక్షణాలూ నిక్షేపానికి ఉన్నట్లే భండారానికీ ఉన్నాయి.

విశేషమేమిటంటే కాంట్ కూడా తన సిద్ధాంతాన్ని వివరించడానికి నిక్షేపాన్నే ఎంచుకున్నాడు. 1788లో వెలువడిన ఆచరణాత్మక ప్రజ్ఞా విమర్శలో అతడు ఒక సందర్భాన్ని ఊహిస్తాడు. ఒకడు సొమ్ము దాచమని ఇచ్చి చనిపోయాడు, కాగితం ఏదీ మిగల్చలేదు. నిరూపించేవారు లేనప్పుడు దాచుకున్నవాడు కాదనవచ్చునా? అందరూ అలా కాదనవచ్చునన్న నియమం పెడితే లోకంలో నిక్షేపమన్న వ్యవహారమే మిగలదు, కాబట్టి ఆ నియమం తనను తానే చంపుకుంటుంది అని కాంట్ సమాధానం. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. సొమ్మును ఎందుకు వాడుకుంటున్నాడన్న ప్రశ్నకు కాంట్ తర్కంలో చోటు లేదు. స్మృతికర్త మాత్రం దానిమీద బతకడం అన్న మాట వాడి, స్వార్థ వినియోగాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. మరి స్వార్థం లేని వినియోగం మాటేమిటి? బసవన్న కథా, గోపన్న కథా నిలబడేది స్మృతి స్పష్టంగా చెప్పని ఈ ఖాళీలోనే.

బసవపురాణం: తెరిచిన భండారం

కథ అందరికీ తెలిసినదే. మేనమామ బలదేవ దండనాయకుని తరువాత బసవన్న బిజ్జలుని కొలువులో ఆ అధికారాన్ని స్వీకరిస్తాడు. భండారం అతని అధీనంలోకి వస్తుంది. అతడు జంగమ భక్తులకు అడిగినదల్లా ఇస్తాడు. కొండెగాండ్రు రాజు చెవిన వేస్తారు. బిజ్జలుడు బసవన్నను పిలిచి అడుగుతాడు. శివుడే తన సొత్తయినవానికి పరుల ధనంతో పనేమున్నదన్న ధోరణిలో బసవన్న బదులిస్తాడు. భండారం తెరిపించి లెక్కపెట్టిస్తారు. లోటు లేదు.

ఈ ఘట్టంలో బిజ్జలుణ్ణి భక్తిద్వేషిగా చూడడం ఆనవాయితీ. కథ మొత్తం మీద అతని పాత్ర ఎలా పరిణమించినా, ఈ ఒక్క ఘట్టంలో అతడు చేసినది ఏ యజమాని అయినా చేయవలసినదే. ఫిర్యాదు వచ్చింది, వివరణ అడిగాడు, లెక్క చూశాడు, లెక్క సరిపోయింది గనుక అధికారిని అధికారంలో ఉంచాడు. సోమనాథుడు తలచుకుంటే ఈ ఘట్టాన్ని వేరొక విధంగా నడపగలిగేవాడు. జంగముల ముందు రాజెంత, రాజు సొమ్మెంత అని బసవన్న చేత ధిక్కారంగా పలికించి, లెక్క చూడబోయినవారి కళ్ళు పోయినట్లు రాయవచ్చు. వీరభక్తికి బసవపురాణంలో కొదవ లేదు. శివనింద చేసినవారి తలలు తెగడం అందులో అరుదైన సంగతి కాదు. అటువంటి కవి ఇక్కడ మాత్రం తనిఖీని తనిఖీగానే జరగనిచ్చాడు. బసవన్న చేత ‘ఖర్చు చేశాను, మంచి పనికే చేశాను’ అనిపించలేదు. ‘తీయలేదు, చూసుకోండి’ అన్న భావమే పలికించాడు. ఈ రెండు మాటల మధ్య వృత్తినీతి అంతా ఉంది. మొదటిది ఫలితవాది సమాధానం, రెండవది కర్తవ్యవాది సమాధానం. భక్తిని అన్ని ధర్మాలకూ పైన నిలిపిన కవి తన నాయకునికి మొదటి సమాధానం ఇవ్వకపోవడం ఆలోచించదగినది.

అయితే ఇందులో ఒక బలహీనత కూడా ఉంది. భండారం నిండుగా ఉంటే సంకటం ఎక్కడిది? జంగములకు ఇచ్చినది శివుని సంపద, భండారంలో ఉన్నది రాజు సంపద అని తేలినప్పుడు రెండు ధర్మాల మధ్య ఘర్షణే లేదు. మహిమ సంకటాన్ని పరిష్కరించలేదు, దానిని అసలు పుట్టనివ్వలేదు. నిజమైన భండారి ఎవడికీ ఈ వసతి ఉండదు. ఈ కారణంగా బసవన్న భండారపు ఘట్టాన్ని మాత్రమే తీసుకొని నీతిపాఠం చెప్పబోతే అది తేలిపోతుంది.

సోమనాథునికి ఈ సంగతి తెలుసునని అనిపించే ఆధారం అదే పురాణంలో మోళిగ మారయ్య కథ రూపంలో ఉంది. రాజ్యం వదిలి వచ్చి కట్టెలు కొట్టి అమ్ముకుంటూ, వచ్చిన డబ్బుతో జంగములకు పెట్టే భక్తుడతడు. అతడు ఇంట లేనప్పుడు బసవన్న వచ్చి ఆరగించి, రహస్యంగా బంగారం ఉంచి పోతాడు. మారయ్య తిరిగి వచ్చి సంగతి తెలుసుకొని ఆ బంగారాన్ని జంగములకు పంచిపెడతాడు. తన ఇంట ఉంచుకోడు. అతని చేతిలో కట్టెలే బంగారమవుతాయి. ఈ కథను బసవన్న గర్వభంగంగా చెప్పడం వాడుక. గర్వభంగం ఎందులో ఉందన్నది అసలు ప్రశ్న. బసవన్న ఇచ్చినది అధికారం చేతికందించిన సంపద, మారయ్య పెడుతున్నది గొడ్డలి చేతికందించిన సంపద. దానం గొప్పదే, దానం చేసే ధనం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దానికంటే ముందు వస్తుంది. వీరశైవం కాయకానికి ఇచ్చిన స్థానం ఈ ప్రశ్నకు సమాధానం. అరిస్టాటిల్ నికోమేకియన్ నీతిశాస్త్రం నాలుగవ అధికరణంలో ఔదార్యాన్ని చర్చిస్తూ, ఉదారుడు తీసుకోకూడని చోటు నుంచి తీసుకోడని చెబుతాడు. ఇవ్వడంలోనే కాక సంపాదించడంలోనూ ఔదార్యానికి పరీక్ష ఉందన్నది ఆయన వాదం. సోమనాథుడు ఆ వాదాన్ని సిద్ధాంతంగా చెప్పలేదు. భండారి పక్కన కట్టెలమ్మేవాణ్ణి నిలబెట్టి ఊరుకున్నాడు. పురాణంలో బసవన్న నాయకుడు గనుక ఇంతకంటే ముందుకు వెళ్ళడం కవికి సాధ్యం కాదు; వెళ్ళినంత దూరం మాత్రం తక్కువది కాదు.

కల్యాణానికీ గోల్కొండకూ నడుమ

ఒక కథ కల్యాణంలో, మరొక కథ గోల్కొండలో జరిగాయి. ఆ రెండింటికీ నడుమ ఉన్న నేల నేటి వికారాబాదు జిల్లా. తాండూరులో వీరశైవ సంప్రదాయానికి చెందిన భావిగి భద్రేశ్వరస్వామి జాతర ఏటా జరుగుతుంది. కుల్కచర్ల మండలంలోని పాంబండ క్షేత్రంలో కొలువైన దేవుని పేరు రామలింగేశ్వరుడు. శివభక్తుని దైవమూ, రామభక్తుని దైవమూ ఒక్క పేరులో కలిసిన చోటు అది. బసవన్న కథకూ రామదాసు కథకూ సమానంగా చెవి ఒగ్గగల ప్రాంతమిది.

అంతకంటే ముఖ్యమైన విషయం ఈ కథలను వినే శ్రోత ఎవరన్నది. కుల్కచర్ల, పరిగి, తాండూరు ప్రాంతాల రైతుకు పరధనం అంటే పురాణంలోని మాట కాదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించే రైతు తన సరుకును మార్కెట్ యార్డులో అడ్తిదారు ముందు పోస్తాడు. తూకం అతనిది కాదు, తరుగు నిర్ణయించేదీ అతను కాదు. సరుకు అమ్ముడైన తరువాత డబ్బు చేతికి వచ్చేదాకా అతని దగ్గర మిగిలేది తక్‌పట్టీ ఒక్కటే. అంటే స్మృతి భాషలో రైతు నిక్షేపకర్త, అడ్తిదారు నిక్షేపధారి. ఆ డబ్బును నాలుగు రోజులు తిప్పుకొని మరో రైతు పెళ్ళి ఖర్చుకు అప్పు ఇచ్చినా, గుడికి చందా రాసినా, అది అడ్తిదారు సత్కార్యమే అవుతుంది గాని రైతు సత్కార్యం కాదు. భండారం తెరిచినప్పుడు లోటు లేదన్న మాట విని తృప్తిపడే శ్రోత ఇతడే. అతని తృప్తి బసవన్న భక్తికి సంబంధించినది మాత్రమే కాదు, పెట్టెలో డబ్బు ఉన్నదన్న విషయానికీ సంబంధించినది.

గోపన్న: ఎవరి పేర పద్దు?

బసవన్న కథలో పుట్టకుండా పోయిన సంకటం గోపన్న కథలో పుట్టి, పన్నెండేళ్ళు కొనసాగింది. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్నకు మేనమామలు అక్కన్న, మాదన్నలు. 1672 నుంచి 1687 వరకు గోల్కొండను పాలించిన అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే తానీషా దగ్గర వారు ఉన్నత పదవులలో ఉన్నారు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా గోపన్న వసూలు చేసిన పన్ను సొమ్ము భద్రాచలం గుడికీ దేవుని నగలకూ ఖర్చయిందని, ఆ మొత్తం ఆరు లక్షలని, దానికిగాను పన్నెండేళ్ళు గోల్కొండ కోటలో బందీగా ఉన్నాడని, చివరకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలన్న బంట్ల వేషంలో వెళ్ళి తానీషాకు రామమాడలతో బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొన్నారని ప్రసిద్ధ కథనం. చరిత్రగా ఇందులో ఎంత నిలుస్తుందన్నది వేరే చర్చ. ఇక్కడ పరిశీలించేది కథనాన్ని, దానితో ముడిపడిన కీర్తనను.

‘ఇక్ష్వాకు కులతిలక’ అన్న కీర్తనను నిందాస్తుతికి ఉదాహరణగా చూపడం పరిపాటి. దాని నిర్మాణం చూస్తే అది స్తుతి కంటే, నింద కంటే కూడా లెక్కల పుస్తకానికి దగ్గరగా ఉంది. భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రామునికి కలికితురాయి. ఎవరికి ఏమి చేయించాడో, దాదాపు ప్రతి నగకూ ఎంత పట్టిందో వరుసగా వస్తుంది. ఆ ఖరీదు పదేపదే పదివేలు కావడం గమనించాలి. నిజమైన తహసీల్దారు చిట్టా ఇంత గుండ్రంగా ఉండదు. ఇది కైదులో కూర్చుని జ్ఞాపకం మీద చెప్పుకొనే లెక్క. ఆ నగల పదివేలన్నీ కూడినా ఆరు లక్షలకు చాలా దూరమే. అయినా లెక్క చెప్పాలన్న పట్టుదల మాత్రం ఉద్యోగిదే. కొరడా దెబ్బలు తింటున్న మనిషి మొర పెట్టుకొనే తీరు ఇది కాదు. ఆడిట్ అధికారి ముందు వోచర్లు పెట్టే తీరు.

ఈ లెక్క ఎవరికి చెబుతున్నాడన్నది అంతకంటే కీలకం. తానీషాకు కాదు, రామునికి. నువ్వు అలంకరించుకొని తిరుగుతున్న సొమ్ములు నీ తండ్రి దశరథుడు పెట్టినవా, నీ మామ జనకుడు పంపినవా అని నిలదీయడంలో ఉన్నది ఎత్తిపొడుపు మాత్రమే కాదు, ఒక న్యాయవాదం. లబ్ధి పొందినవాడు బాకీ చెల్లించాలి అన్నదే ఆ వాదం. తానీషాది అన్యాయమని గోపన్న ఈ కీర్తనలో వాదించడు. సొమ్ము రాజుది కాదు, దేవుడిది అనడు. గుడి వల్ల జనానికి మేలు జరిగింది గనుక నన్ను విడిచిపెట్టాలని కూడా అనడు. మిల్ 1863లో ప్రచురించిన ఉపయోగితావాద గ్రంథం పద్ధతిలో ఆలోచించేవాడు ఇక్కడ గుడి వల్ల కలిగే సుఖాన్ని ఒక తట్టలో, ఖజానా లోటును మరొక తట్టలో వేసి తూచవచ్చు. మిల్ మాత్రం అదే గ్రంథం చివరి అధ్యాయంలో నమ్మినవారిపట్ల మాట తప్పడాన్ని అన్యాయాల జాబితాలో చేర్చాడన్న సంగతి అటువంటివారు మరిచిపోతారు. గోపన్న తక్కెడ పట్టుకోలేదు. బాకీ బాకీయే. అది ఎవరి పేర రాయాలన్నదే అతని పోరాటం.

అరిస్టాటిల్ ఔదార్యం తరువాత భారీ వ్యయాన్ని ఒక ప్రత్యేక గుణంగా చర్చిస్తాడు. దేవతలకు కానుకలు, ఆలయ నిర్మాణాలు దానికి ఆయన ఇచ్చే ఉదాహరణలు. ఆ వ్యయం చేసేవాని సొంత స్తోమతుకు తగినదై ఉండాలన్నది నియమం; స్తోమతు లేనివాడు దానికి పూనుకుంటే అది గుణం కాదు, తెలివితక్కువతనం. ఈ కొలతతో చూస్తే గోపన్న గుడి కట్టించిన దాత కాడు, గుడి కట్టిన ఖర్చుకు మధ్యవర్తి. కీర్తనలో ప్రతి నగ దగ్గరా ‘చేయించాను’ అన్న ఉత్తమ పురుష ధ్వనించడం ఇందుకే బాధాకరంగా ఉంటుంది. చేయించినది తాను, సొమ్ము తనది కాదు. ఈ రెంటి మధ్య ఎడం కీర్తన చివరలో బయటపడుతుంది. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, కష్టపెట్టుకోవద్దని అతడు రామునికి క్షమాపణ చెప్పుకుంటాడు. వాదం అక్కడ కూలిపోతుంది. లబ్ధిదారుణ్ణి బాకీ అడిగిన ఉద్యోగి తిరిగి భక్తుడవుతాడు. ఆ కూలిపోవడంలోనే ఈ కీర్తన బసవన్న భండారపు ఘట్టం కంటే సత్యానికి దగ్గరగా ఉంది. ఇక్కడ భండారం నిండలేదు. లోటు లోటుగానే ఉంది. దాన్ని పూడ్చేవారి జాడ లేదు. కీర్తన పుట్టినది బాకీ తీరని కాలంలోనే.

సంప్రదాయం ఈ కాలాన్ని ఎలా భరించిందో చిలుక కథ చెబుతుంది. పూర్వజన్మలో గోపన్న ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో ఉంచాడని, ఆ పాప ఫలమే ఈ పన్నెండేళ్ళ బందీఖానా అని చెప్పుకుంటారు. పరధనం వాడినందుకు శిక్ష అంటే భక్తుడు దోషి అవుతాడు. ఏ దోషమూ లేదంటే దేవుడు పన్నెండేళ్ళు చూస్తూ ఊరకున్నాడని ఒప్పుకోవాలి. రెండూ ఒప్పుకోలేని జనం చిలుకను తెచ్చారు. ఇది తప్పించుకోవడమే. కానీ తప్పించుకోవలసినంత బరువుగా ఆ ప్రశ్న వారికి తోచిందని కూడా ఇదే రుజువు చేస్తుంది. గోపన్న చేసినది నిర్దోషమని జనం నిజంగా నమ్మి ఉంటే చిలుక అవసరం లేకపోయేది.

రసీదు సంగతీ ఇటువంటిదే. భగవంతుడు తలచుకుంటే కోట గోడలు కూల్చవచ్చు, తానీషా మనసు మార్చవచ్చు. కథ అందులో ఏదీ ఎంచుకోలేదు. సొమ్ము లెక్కపెట్టి ఇచ్చి, చెల్లినట్లు కాగితం రాయించుకోవడాన్ని ఎంచుకుంది. రెవెన్యూ పాలన అంటే ఏమిటో దినదినమూ అనుభవించిన సమాజం సృష్టించిన మహిమ ఇది. ఆ తరువాత తానీషా భద్రాచలానికి చేసిన ఏర్పాట్లు, శ్రీరామనవమికి పంపిన ముత్యాల తలంబ్రాలు, నేటికీ ప్రభుత్వం పక్షాన కొనసాగుతున్న ఆ ఆచారం ఈ తర్కానికి అనుగుణమైనవి. ఖజానా నుంచి దేవునికి దారి ఉంది. అది ఖజానా యజమాని సంతకం మీదుగా పోతుంది.

ఒక ఆధునిక లేఖ

ఈ రెండు పాఠాల బలాన్ని పరీక్షించడానికి సమీప కాలపు మూడవ పాఠాన్ని పక్కన పెట్టడం అవసరం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తమ డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ సాహిత్యం కాదు. అయినా అది స్వీయ వివరణ రూపంలో ఉన్న కథనం. దానికి అలంకారం కూడా ఉంది. తినేయకుండా దిగే దారి తెలియక పులి మీద స్వారీ చేసినట్లయిందన్న పోలిక అప్పట్లో విస్తృతంగా ప్రచారం పొందింది. కంపెనీ పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆ లేఖ ఒప్పుకుంది. అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, కుటుంబ సభ్యుల ఆధీనంలోని మేటాస్ సంస్థలను కొనుగోలు చేయడానికి జరిగిన ప్రయత్నం మదుపరుల వ్యతిరేకతతో విఫలమైంది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తిని చూపడానికి అది ఆఖరి ప్రయత్నమని లేఖ చెబుతుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చింది; అప్పీలులో ఆ శిక్ష అమలు నిలిచింది.

మూడు పాఠాలనూ కలిపి చూస్తే ఒక పోలిక, ఒక వైరుధ్యం కనిపిస్తాయి. వైరుధ్యం స్పష్టమైనది. కల్యాణంలో ఖాళీ అయిందని అనుమానించిన భండారం తెరిస్తే నిండుగా ఉంది. హైదరాబాదులో నిండుగా ఉందని నమ్మిన భండారం తెరిస్తే ఖాళీగా ఉంది. పోలిక అంత తేలికైనది కాదు. తానూ, మేనేజింగ్ డైరెక్టరూ కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని లేఖ నొక్కి చెప్పింది. ‘నేను తినలేదు’ అన్నది గోపన్న పక్షాన కూడా అందరూ చెప్పే మాటే. తెలుగు సమాజంలో ఈ మాటకు అపారమైన విలువ ఉంది. తిన్నవాడు దొంగ, తినకుండా తిప్పినవాడు దురదృష్టవంతుడు అన్న విభజన కచేరీ వరండాల నుంచి పత్రికల దాకా చెల్లుబాటవుతుంది. సత్యం విషయంలో గ్రామాలలో ఆ కుటుంబం నెలకొల్పిన ఫౌండేషన్ సేవలు, 2005లో మొదలైన 108 అత్యవసర వాహన సేవ ఆ సానుభూతిని పెంచాయి. ఆ సేవలు నిజమైనవి. 108 బండి ఎక్కి ప్రాణం దక్కించుకున్నవారు కుల్కచర్ల వంటి మండలాలలోనూ ఉంటారు. కానీ ఆ మేలును ఈ లోటులోంచి తీసివేయడానికి వీలులేదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ఖాతాలు. మేలు పొందినవారు ఒకరు, నమ్మి మదుపు పెట్టినవారు మరొకరు. ఒకరికి చేసిన మేలు మరొకరికి చెల్లింపు కాజాలదు.

స్మృతి ఖాళీగా వదిలిన చోటికి మళ్ళీ ఇక్కడ వస్తాం. దానిమీద బతికినవాణ్ణి దండించమన్న శాసనాన్ని చదివి, బతకనివాడు నిర్దోషి అని అర్థం చేసుకోవచ్చునా? గోపన్న కీర్తన ఆ అర్థాన్ని ఒప్పుకోదు. తాను తినలేదు కాబట్టి బాకీ లేదని అతడు ఎక్కడా అనలేదు. తాను తినలేదు కాబట్టి తిన్నవాడు కట్టాలన్నాడు. రెండు వాక్యాలూ ఒకే చోట మొదలై వేరు దారులు పడతాయి. సత్యం లేఖలో మొదటి వాక్యం ఉంది, రెండవ వాక్యం లేదు. లబ్ధి ఎవరికి చేరింది, ఎవరి నుంచి రాబట్టాలి అన్న పద్దు ఆ లేఖలో ఎక్కడా తెరుచుకోదు. భక్తిని పూర్తిగా పక్కన పెట్టి, కేవలం జవాబుదారీ పత్రాలుగా చూసినా కీర్తనే మెరుగైన పత్రం.

రైతు ఎక్కడ?

అయినా కీర్తనను గాని, దాని చుట్టూ అల్లిన కథనాన్ని గాని పూర్తిగా మెచ్చుకోవడానికి వీలులేదు. రామోజీ, లక్ష్మోజీ చెల్లించిన సొమ్ము తానీషాకు చేరింది. రసీదు గోపన్న తలగడ కిందికి చేరింది. పాల్వంచ పరగణాలో ఆ సొమ్మును మొదట ఇచ్చిన రైతు ఈ లావాదేవీలో ఎక్కడా లేడు. పన్ను అతను కట్టాడు. గుడి అతని ఊళ్ళకు దగ్గరలోనే లేచింది. బాకీ మాత్రం రాజుకూ దేవునికీ మధ్య తీరిపోయింది. బసవపురాణంలోనూ భండారం బిజ్జలునిదే, అందులోని ధనం ఎవరి పొలం నుంచి వచ్చిందన్న ప్రశ్న కవికి తట్టలేదు. మోళిగ మారయ్య గొడ్డలి ఒక్కటే ఆ దిశగా వేలు చూపుతుంది.

రామదాసు కథకు జనశ్రుతిలో ఉన్న మరొక పాఠానికి ఈ దృష్టితో ప్రాధాన్యం వస్తుంది. దాని ప్రకారం గుడికి సొమ్ము చాలనప్పుడు రైతులే ముందుకు వచ్చి, ఇప్పటికి శిస్తు సొమ్ము వాడమని, పంట ఇంటికి రాగానే తాము ఆ మొత్తం సమకూరుస్తామని గోపన్నకు మాట ఇచ్చారు. పంట వచ్చేలోపు కబురు గోల్కొండకు చేరింది. విద్వాంసులు ఈ పాఠాన్ని గోపన్న నిర్దోషిత్వం కోసం తరువాత కల్పించినదిగా భావించి పక్కన పెట్టే అవకాశం ఉంది. కల్పితమే కావచ్చు. కానీ ఈ ఒక్క పాఠంలోనే సొమ్ము కట్టినవాడు నోరు విప్పి అనుమతి ఇస్తాడు, గడువు చెబుతాడు, బాకీని తన నెత్తిన వేసుకుంటాడు. తహసీల్దారు తన ఇష్టప్రకారం ఖర్చు చేసినవాడుగా కాక, రైతుల మాట మీద ముందుగా చెల్లించినవాడుగా కనిపిస్తాడు. రాజు అనుమతి లేదన్న దోషం అప్పుడూ మిగిలే ఉంటుంది. భద్రాచలం పరిసరాల మౌఖిక కథనాలలో ఈ పాఠం ఎక్కడెక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది, అందులో రైతులు ఇచ్చిన మాట తరువాత ఏమైందని చెబుతారు అన్నది సేకరించి చూడవలసిన విషయం.